పేరు లేని రోగానికి పైకమెవరిస్తారు?

2024 జూలై నెలలో ఒక మధ్యాహ్నం మా కళాశాల లెక్చరర్ల గదిలో చిన్న వాగ్యుద్ధం జరిగింది. ఆ రోజు పత్రికలో గుజరాత్ నుంచి ఒక వార్త వచ్చింది. అక్కడి పల్లెలలో పసిపిల్లలు జ్వరం తగిలిన ఒకటి రెండు రోజులలోనే మూర్ఛలు వచ్చి మరణిస్తున్నారనీ, చాందీపుర అనే వైరస్ దీనికి కారణమని వైద్యులు అనుమానిస్తున్నారనీ, నమూనాలను పుణే పంపించారనీ ఆ వార్త సారాంశం.

మా అర్థశాస్త్రం లెక్చరరుగారు పత్రిక మడిచి బల్లమీద పడవేశారు.

"చూశారా మాస్టారూ! పల్లెటూరి ఆసుపత్రిలో డాక్టరు లేడు. వీధిలో మురుగుకాలవకు దిక్కు లేదు. ప్రభుత్వం మాత్రం ఎక్కడో పుణేలో కంటికి కనపడని పురుగులను పెంచి పోషించడానికి ప్రజల సొమ్ము ఖర్చు పెడుతున్నది. ముందు కాలవ కట్టించమనండి. ఆ తరవాత పురుగుల సంగతి తీరికగా చూద్దాం" అన్నారు.

జంతుశాస్త్రం లెక్చరరుగారు ఊరుకుంటారా? "పురుగేదో తెలియకుండా ఏ కాలవ కట్టిస్తారండీ? ఈ వైరసును మోసుకువచ్చేది మీ మురుగుకాలవలోని దోమ కాదు. మట్టిగోడల పగుళ్ళలోనూ, పశువుల కొట్టాలలోనూ దాగి వుండే ఇసుక ఈగ. దోమకంటే చిన్నది. మీరు కాలవ కట్టించి నిశ్చింతగా నిద్రపోతే, అది గోడలోనుంచి వచ్చి పిల్లవాణ్ణి కుట్టిపోతుంది" అన్నారు.

ఇద్దరూ నా వంక తిరిగారు. నేను తెలుగు పాఠం చెప్పుకుని బ్రతికేవాణ్ణి. వైరసుల మీద తీర్పు చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటి? లాటిన్ భాషలో వైరస్ అంటే విషమని అర్థమనీ, దానికీ మన విష శబ్దానికీ మూలం ఒకటేననీ భాషాశాస్త్రజ్ఞులు చెప్పిన మాట మాత్రం నాకు తెలుసు. అంతకుమించి నేను చదివిన శాస్త్రం లేదు. అయినా చాందీపుర అనే ఆ మాట నాకు కొత్త కాదు. ఇరవై యేళ్ళకు పైగా అది నా మనసులో ముల్లులా వున్నది.

ఆ సంవత్సరం మా వూళ్ళో

2003 సంవత్సరం. అప్పుడు నేను ఎమ్.ఏ. చదువుతున్నాను. కరీంనగర్ జిల్లాలోని మా వూరు వెళ్ళి వున్నాను. తొలకరి జల్లులు ఇంకా సరిగా పడలేదు. మా పక్కింటి అయిదేళ్ళ పిల్లవాడు ఒక సాయంత్రం పొద్దుగూకేదాకా మా అరుగుమీద గోలీలాడాడు. ఆ రాత్రి వాడికి జ్వరం వచ్చింది. తెల్లవారుజామున వాంతులు, ఆపైన మూర్ఛలు. జీపు కుదుర్చుకుని పట్నం తీసుకువెళ్ళారు. మరునాడు దీపాలు పెట్టేవేళకు ఆ జీపే తిరిగి వచ్చింది. వాడు మాత్రం తిరిగి రాలేదు.

వూళ్ళో తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందన్నవారు కొందరు. మెదడువాపు అన్నవారు కొందరు. పందులవల్ల వచ్చిందన్నవారు కొందరు. మూడోనాడు నేను పరామర్శకు వెళితే, ఆ తల్లి గోడకు ఆనుకుని కూర్చుని వున్నది. నన్ను చూసి ఒకే మాట అడిగింది.

"గీ రోగం పేరేంది బిడ్డా? నువ్వు పెద్ద సదువు సదువుతున్నవు గదా!"

నేను చదివిన ప్రబంధాలలో ఆమెకు చెప్పదగిన జవాబు లేదు. తల వంచుకుని వచ్చేశాను.

ఆ దుఃఖం ఆ ఒక్క ఇంటిది కాదని తరవాత తెలిసింది. ఆ యేడు జూన్, ఆగస్టు నెలల మధ్య ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు ఈ జబ్బు సోకింది. వారిలో 183 మంది మరణించారు. అంటే సగానికి పైగా. తొమ్మిది నెలల పసికందు మొదలు పద్నాలుగేళ్ళ పిల్లలదాకా అందులో వున్నారు. కరీంనగర్, వరంగల్ జిల్లాలకు తగిలిన దెబ్బ మరీ పెద్దది. చాలామంది పిల్లలు ఆసుపత్రిలో చేరిన రెండు రోజులలోపే పోయారు.

డాక్టర్లు మొదట అనుమానించినది జపనీస్ మెదడువాపును. మన ప్రాంతాలకు అది పాత శత్రువే. కాని పరీక్షలలో దాని జాడ కనపడలేదు. అప్పుడు పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థవారు పిల్లల నమూనాలనుంచి వైరసును పట్టి, జీవకణాలలో పెంచి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. తుపాకీ గుండు ఆకారంలో వున్న వైరస్ కనిపించింది. పిచ్చికుక్క కాటువల్ల వచ్చే రేబిస్ వైరసుకు ఇది జ్ఞాతి. తమ వద్దనున్న పాత వైరసులతో పోల్చి చూసి, ఇది చాందీపుర అని తేల్చారు. ఆ వివరాలు 2004లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో అచ్చయ్యాయి. పిల్లల మెదడుకు జరిగిన హాని వాపువల్లనా, రక్తనాళాలు దెబ్బతినడంవల్లనా అని మన వైద్యులలోనే వాదోపవాదాలు నడిచిన మాట నిజం. ఏమైతేనేం, ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఒక పేరంటూ దొరికింది.

ఆడిటరుగారు అడిగి వుంటే?

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. కొత్తగా వచ్చిన రోగానికి పుణేవారు అంత త్వరలో పేరెలా చెప్పగలిగారు? ఆ రోగం మనకు కొత్త. ఆ వైరస్ వారికి కొత్త కాదు. అంతకు ముప్ఫయ్యెనిమిదేళ్ళ క్రితం, 1965లో, నాగపూరులో డెంగీ, చికున్‌గున్యా వంటి జ్వరాలు ప్రబలినప్పుడు, ఆ సంస్థ శాస్త్రజ్ఞులు జ్వరపీడితుల రక్తం సేకరించి పరీక్షించారు. ఇద్దరి రక్తంలో వారు వెతుకుతున్న వైరసులు కాక, అంతవరకు ఎవరూ ఎరుగని వైరస్ ఒకటి దొరికింది. అది దొరికిన చాందీపుర అనే చోటి పేరే దానికి పెట్టి, వర్ణించి, భద్రపరిచారు. తరవాత ఇసుక ఈగలలో కూడా దాన్ని కనిపెట్టారు. 1980లో మధ్యప్రదేశ్‌లో మెదడు జబ్బు వచ్చిన ఒక రోగి రక్తంలో మళ్ళీ కనిపించింది. అంతే. ఇన్నేళ్ళలో అది పెద్దపెట్టున మనుషులను చంపినట్టు దాఖలా లేదు.

1966లో ఖర్చుల లెక్క చూడడానికి ఆడిటరుగారు ఒకాయన అక్కడికి వెళ్ళారనుకుందాం.

"ఈ చల్లటి పెట్టెలో ఏమున్నదండీ?"

"నాగపూరులో ఇద్దరి రక్తంలో దొరికిన వైరసండీ."

"ఇది ఎంతమందిని చంపింది?"

"చంపినట్టు తెలియదండీ."

"దీనికి మందు కనిపెట్టారా?"

"రోగమేదో తెలియనిదే మందెక్కడిదండీ?"

"మరి ఈ పెట్టెకు కరెంటు ఖర్చెందుకు?"

ఈ ప్రశ్నకు 1966లో ఏ శాస్త్రజ్ఞుడూ జవాబు చెప్పలేడు. ఆ జవాబు 2003లో కరీంనగర్‌లో వున్నది. ముప్ఫయ్యెనిమిదేళ్ళపాటు ఆదాయం లేని ఆ పెట్టెకు ఓపికగా ఖర్చు పెట్టినందువల్లనే పోల్చి చూడడానికి పాత వైరస్ మిగిలింది.

పేరు తెలిసినంత మాత్రాన ఒరిగేదేమిటని అడగవచ్చు. ఒరిగేది చాలా వున్నది. ఇసుక ఈగ అని తెలిస్తే గోడల పగుళ్ళు మెత్తుతాము, కొట్టాలలో మందు చల్లుతాము. తెలియకపోతే పందులను తరుముతూ కాలం గడుపుతాము. నిపా వైరస్ కథ చూడండి. 2001లో పశ్చిమబెంగాల్‌లోని సిలిగురిలో 66 మందికి ఒక వింత జ్వరం వచ్చి, నలభైమందికి పైగా మరణించారు. ఆసుపత్రులలోనే అది ఒకరినుంచి ఒకరికి పాకింది. అప్పుడు దాని పేరు ఎవరికీ తెలియలేదు. దాచి వుంచిన నమూనాలను తరవాత పరీక్షించగా, గబ్బిలాలవల్ల వచ్చే నిపా అని తేలింది. అదే నిపా 2018 మే నెలలో కేరళలో తలయెత్తింది. ఒకే కుటుంబంలో రెండవ రోగి జబ్బుపడేసరికే వైద్యులకు అనుమానం తగిలింది. మణిపాల్, పుణే ప్రయోగశాలలు వెంటనే పేరు చెప్పాయి. రోగులను తాకినవారినందరినీ వెతికి పట్టి విడిగా వుంచారు. అధికార లెక్క ప్రకారం 17 మంది మరణించారు. కాని కొద్ది వారాలలో రోగం అదుపులోకి వచ్చింది. పేరు తెలియని రోగానికీ, పేరు తెలిసిన రోగానికీ వున్న తేడా ఇది.

ధర్మదాతలు, వ్యాపారులు

"పరిశోధన అవసరమేనండీ. ఎవరు కాదన్నారు? ప్రభుత్వమే ఎందుకు చెయ్యాలి? ధర్మసంస్థలున్నాయి, మందుల కంపెనీలున్నాయి" అన్నారు మా అర్థశాస్త్రంవారు. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు.

ధర్మసంస్థల సంగతి మొదట చూద్దాం. పుణేలోని ఆ సంస్థ 1952లో పుట్టినప్పుడు అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌వారి సాయం వున్నది. వారూ, మన భారత వైద్య పరిశోధనా మండలివారూ కలిసి దాన్ని స్థాపించారు. సుమారు అయిదేళ్ళకే దాని అవసరం తెలిసివచ్చింది. 1957లో షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు కుప్పలుగా చచ్చిపడ్డాయి. చుట్టుపక్కల పల్లెవాసులకు జ్వరాలు వచ్చాయి. ఎల్లో ఫీవర్ మన దేశంలో కాలు పెట్టిందేమోనని అందరూ హడలిపోయారు. పుణేవారు వెళ్ళి పరీక్షించి, అది ఎల్లో ఫీవర్ కాదనీ, పిడుదులవల్ల వ్యాపించే మరొక కొత్త వైరసనీ తేల్చారు. దాతల సాయాన్ని తీసిపారవేయకూడదు. అయితే దాత ఎప్పుడో ఒకప్పుడు తన దారిన తాను వెళతాడు. రాక్‌ఫెల్లర్‌వారు 1960ల తరవాతి భాగంలో తప్పుకున్నారు. ఆ తరవాత పోషణభారం మన వైద్య పరిశోధనా మండలిదే అయింది. ఆనాడు మన ప్రభుత్వం కూడా చేతులు దులుపుకుని వుంటే, 2003లో మన పిల్లల నమూనాలు ఏ దేశానికి పంపేవాళ్ళం?

ఇక మందుల కంపెనీలు. వాటిని నేను నిందించను. వ్యాపారి లాభం చూడకపోతే వ్యాపారి ఎలా అవుతాడు? 2020లో కరోనా వచ్చినప్పుడు పుణేవారు వైరసును వేరుచేసి హైదరాబాదులోని భారత్ బయోటెక్‌కు అందించారు. ఆ కంపెనీవారు కోవాగ్జిన్ టీకా తయారుచేశారు. దానిమీద వైద్య పరిశోధనా మండలి దాదాపు 35 కోట్ల రూపాయలు ఖర్చుచేసిందనీ, అమ్మకాలమీద రాయల్టీగా 2022 జనవరి చివరికే 171 కోట్లకు పైగా వచ్చిందనీ ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ప్రభుత్వ ప్రయోగశాల, ప్రైవేటు కర్మాగారం కలిస్తే ఏం సాధించవచ్చో దీన్నిబట్టి తెలుస్తున్నది.

కాని కరోనా టీకా కొనడానికి దేశమంతా చేతులు చాచి నిలబడింది. చాందీపుర టీకా ఎవరు కొంటారు? అది వచ్చేది ఏటా కాదు. వచ్చినా కొన్ని జిల్లాలలో, కొన్ని వారాలు. పట్టుకునేది మట్టి ఇళ్ళలో పడుకునే బీద పిల్లలను. లాభనష్టాల పట్టీలో వాళ్ళ పేర్లు ఎక్కవు. ఎక్కడ వ్యాపారికి లాభం లేదో, ఎక్కడ దాతకు ఓపిక చాలదో, అక్కడ పని చెయ్యడానికే గదా మనం పన్నులు కట్టి ప్రభుత్వాన్ని పెట్టుకున్నది!

భయం కూడా వున్నది

ఇంతసేపు నా పక్షాన మాట్లాడిన జంతుశాస్త్రంవారు ఇక్కడ ఒక మెలిక పెట్టారు. "డబ్బివ్వాల్సిందే. కాని ఏ పరిశోధనకైనా ఇవ్వమని మాత్రం నేను అనను. 1978లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఏం జరిగింది? లోకంలో మశూచి అంతరించిందని సంతోషిస్తున్న సమయంలో, ప్రయోగశాల వున్న ఆ భవనంలో పనిచేసే ఫోటోగ్రాఫరు ఒకామెకు మశూచి సోకింది. ఆమె మరణించింది. మశూచికి బలి అయిన చివరి మనిషి ఆమే" అన్నారు.

ఆయన మాట కాదనలేము. 2011లో కొందరు శాస్త్రజ్ఞులు పక్షిజ్వరం వైరసును, గాలిద్వారా జంతువునుంచి జంతువుకు పాకేటట్లు మార్చి చూపినప్పుడు ప్రపంచమంతా కలవరపడింది. అటువంటి కొన్ని ప్రయోగాలకు అమెరికా ప్రభుత్వం 2014నుంచి 2017దాకా డబ్బు నిలిపివేసింది. కరోనా ఎలా పుట్టిందనే వివాదం ఈనాటికీ తెగలేదు.

కాబట్టి రెండు పనులను వేరుచేసి చూడాలి. అడవిలో, పల్లెలో, ఆసుపత్రిలో వున్న వైరసేదో కనుక్కోవడం, దాన్ని గుర్తుపట్టే పరీక్ష తయారుచేయడం, టీకా, మందు వెతకడం ఒక పని. లేని బలాన్ని వైరసుకు తెచ్చిపెట్టి చూడడం వేరొక పని. మొదటిదానికి ధారాళంగా ఇవ్వవచ్చు. రెండవదానికి ఇచ్చేముందు, ఆ ప్రయోగశాలతో సంబంధం లేని పెద్దలు కూర్చుని వెయ్యిసార్లు ఆలోచించాలి. ఇంకొక సంగతి కూడా వున్నది. ప్రభుత్వం తన సొమ్ము ఇచ్చినచోట లెక్క అడిగే హక్కు వుంటుంది. పార్లమెంటులో ప్రశ్న వెయ్యవచ్చు. డబ్బు ఇవ్వనిచోట ఎవరు ఏం చేస్తున్నారో అడిగే నాథుడెవరు? ప్రమాదం వున్నదన్న కారణంచేతనే ఈ పని ప్రభుత్వం కనుసన్నలలో జరగాలి.

సగంలో ఆగిన పని

అర్థశాస్త్రంవారి వాదంలో ఒక పెద్ద నిజం వున్నది. దానికి జవాబు చెప్పకుండా తప్పించుకోవడం న్యాయం కాదు. 2003లో పుణేవారు పేరు చెప్పారు. అయితే ఏం? 2004లో గుజరాత్‌లో అదే రోగం వచ్చినప్పుడు సోకినవారిలో నాలుగింట మూడు వంతుల మంది పోయారు. ఆ తరవాత కూడా మన ఉత్తర తెలంగాణలో అది పిల్లలను తీసుకుపోయింది. 2024లో మా గదిలో వాదులాటకు కారణమైన ఆ వేసవి జబ్బు సంగతి చూడండి. జూన్ మొదలు ఆగస్టు నడిమి వరకు మెదడువాపు లక్షణాలతో 245 మంది జబ్బుపడ్డారనీ, 82 మంది మరణించారనీ, జబ్బుపడినవారిలో 64 మందికి చాందీపుర వున్నట్లు రుజువైందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. వారిలో అత్యధికులు గుజరాత్‌వారు. రోగికి ఊపిరి అందించడం, మూర్ఛలు ఆపడం, జ్వరం దించడం తప్ప దానికంటూ మందు లేదు. టీకా లేదు.

టీకా ప్రయత్నం అసలు జరగలేదా అంటే, జరిగింది. పుణే శాస్త్రజ్ఞులే ఒక టీకా తయారుచేసి, ఎలుకలమీద పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. అది ఎలుకనుంచి పిల్లవాడి భుజందాకా రాలేదు. ఇది శాస్త్రజ్ఞుల తప్పని నేననను. టీకాను మనుషులమీద పరీక్షించి, కర్మాగారంలో తయారుచేయించి, పల్లెకు చేర్చాలంటే, వైరసును కనిపెట్టడానికి అయిన ఖర్చుకు ఎన్నో రెట్లు కావాలి. ఆ ఖర్చు భరిస్తానని ముందుకు వచ్చేవాళ్ళుండాలి.

రోగం ప్రబలినప్పుడు మంత్రులు వస్తారు, పత్రికలవారు వస్తారు, సంఘాలు వేస్తారు. రోగం సద్దుమణిగితే అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటే. చేతులు చల్లబడగానే ఆ ఆకులనూ పారవేస్తున్నాము!

అందుకే ప్రభుత్వం ఇవ్వాలా వద్దా అనే ప్రశ్నకంటే, ఎప్పుడు ఇవ్వాలి అనే ప్రశ్న పెద్దదని నాకు తోస్తున్నది. రోగం కేకలు వేస్తున్నప్పుడు ఎవరైనా ఇస్తారు. రోగం నోరు మూసుకుని గోడ పగుళ్ళలో నిద్రపోతున్న సంవత్సరాలలో ఇవ్వాలి. 1965నుంచి 2003దాకా ఆ పెట్టెకు కరెంటు ఇచ్చినట్టు ఇవ్వాలి. 2003నుంచి 2024దాకా టీకాను సగంలో వదిలినట్టు వదలకూడదు. వైరసును కనిపెట్టినవారికి జీతం ఇచ్చినంతమాత్రాన సరిపోదు. టీకా తయారైతే ఇన్ని లక్షల మోతాదులు మేమే కొంటామని ప్రభుత్వం ముందుగా మాట ఇస్తే, కంపెనీలు తమంతట తామే వస్తాయి. గోడలు మెత్తడం, డాక్టరును నియమించడం కూడా ఆగనక్కరలేదు. ప్రయోగశాలకు ఇచ్చే పైకం పల్లె ఆసుపత్రి నోటి దగ్గర కూడు కాదు. ఏ మందు చల్లాలో, ఏ రోగిని ఎంత తొందరగా పెద్దాసుపత్రికి పంపాలో ఆ ఆసుపత్రికి చెప్పవలసింది ఆ ప్రయోగశాలే.

నా మాటలు విని అర్థశాస్త్రంవారు కొంచెంసేపు మౌనంగా వున్నారు. "సరే మాస్టారూ, కాలవతోపాటు పెట్టెకు కూడా ఇమ్మందాం. కాని లెక్క మాత్రం అడుగుతాను" అన్నారు. అడగండి, అడగవలసిందే అన్నాను.

ఆ సెలవులలో మా వూరు వెళ్ళాను. పక్కింటి ఆ తల్లికి ఇప్పుడు జుట్టు నెరిసింది. మనమలను ఆడిస్తున్నది. ఇరవై ఒక్క సంవత్సరాలు ఆలస్యంగా ఆమెకు జవాబు చెప్పాను. అది చాందీపుర అనే వైరసమ్మా అనీ, గోడల పగుళ్ళలో వుండే చిన్న ఈగ కుట్టడంవల్ల వస్తుందనీ వివరించాను. ఆమె మనమణ్ణి దగ్గరికి తీసుకుని, శ్రద్ధగా అంతా విన్నది.

"పేరు తెల్సింది, మంచిదే. మరి మందో?" అన్నది.

ఈ రెండో ప్రశ్నకు కూడా నా వద్ద జవాబు లేదు. ఇవ్వవలసినవారు ఢిల్లీలోనూ, హైదరాబాదులోనూ వున్నారు. బడ్జెట్ కాగితాలు ఏటా వ్రాస్తూనే వుంటారు. వచ్చేసారి వ్రాసేటప్పుడు, ఏ రోగమూ లేని ప్రశాంతమైన సంవత్సరం కదా అని ఆ పద్దు కొట్టివేయబోయేముందు, ఆ అమ్మ ప్రశ్న ఒక్కసారి తలచుకుంటే చాలు.